పడిన చెట్టు, నిలిచిన చెట్టు



అట్లాంటిక్ మహాసముద్రమునకు జూన్ 1 మొదలు నవంబరు 30 వరకు హరికేన్ల కాలమని అమెరికా వాతావరణ శాఖవారు గడువు పెట్టుకొనియున్నారు. మన బంగాళాఖాతములో తుఫాను ఎట్టిదో, అక్కడ హరికేన్ అట్టిది. పసిఫిక్ పడమటి భాగమున టైఫూన్ అనబడునదియు అదియే. ఈ ప్రసంగమున నేను ముఖ్యముగా అట్లాంటిక్ తుఫానులను గూర్చియే ముచ్చటింపదలచితిని. ఏలయన, తుఫానులను గూర్చిన విద్యకు తొలిపునాది పడినది అక్కడనే. మన తీరము ప్రసక్తి సహజముగా వచ్చినచోట దానిని దాటవేయను.

హరికేన్ ఎట్లు పుట్టును, ప్రపంచమునందలి శీతోష్ణస్థితులను శాస్త్రజ్ఞులు ఏ ప్రాతిపదికపై విభజించిరి అను రెండు ప్రశ్నలును పాఠ్యపుస్తకములలో రెండు వేర్వేరు అధ్యాయములుగా ఉండును. ఒకదానిలో సుడితిరిగిన మేఘముల బొమ్మ, మరియొకదానిలో రంగులద్దిన ప్రపంచపటము. పరీక్షకు ఈ ఏర్పాటు అనుకూలమే కావచ్చును గాని, నా దృష్టిలో ఇవి రెండును ఒకే అధ్యాయము. గాలి కంటికి కనబడు వస్తువు కాదు గనుక, దాని నడవడిని తెలిసికొనగోరిన మనుష్యునికి మొదటినుండియు చెట్టే సాక్ష్యము చెప్పవలసివచ్చినది. పడిపోయిన చెట్లను చూచి ఒకాయన తుఫాను స్వరూపమును గ్రహించెను. నిలిచియున్న చెట్లను చూచి మరియొకాయన భూగోళమునంతటిని శీతోష్ణ మండలములుగా పంచిపెట్టెను.

మొదటియాయన పేరు విలియం రెడ్‌ఫీల్డ్. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునకు చెందినవాడు. యౌవనమున గుఱ్ఱపు జీనులు కుట్టి జీవించినవాడే గాని కళాశాల మెట్లెక్కినవాడు కాడు. 1821 సెప్టెంబరు 3వ తేదీన ఆ ప్రాంతమును ఒక పెనుతుఫాను ఊడ్చిపోయినది. అది శాంతించిన తరువాత ఆయన ఏదో పనిమీద పడమరగా మసాచుసెట్స్ కొండలవైపు ప్రయాణము చేయుచు, దారిపొడవునను కూలియున్న చెట్లను గమనించెను. తన ఊరి పరిసరములలో చెట్లన్నియు వాయవ్యమునకు తలలుపెట్టి పడియున్నవి. అనగా అక్కడ గాలి ఆగ్నేయమునుండి వీచినదన్నమాట. తీరా కొండలలోనికి పోయి చూడగా, అక్కడి చెట్లు అందుకు సరిగా విరుద్ధముగా ఆగ్నేయమునకు తలలుపెట్టి పడియున్నవి. ఇంచుమించుగా ఒకే వేళ, అంత కొద్దిదూరములో, ఒకే తుఫాను రెండు ఎదురెదురు దిక్కులకు వీచుట ఎట్లు పొసగును? గాలి తిన్నగా పోవునది కాక, ఒక మహాచక్రమువలె తనచుట్టు తాను తిరుగుచు, ఆ తిరుగుచున్న చక్రమే మరల ముందునకు నడచిపోవుచుండిననే ఇది సాధ్యమని ఆయనకు తోచినది. దారిన పోవు వేలమంది చూచిన చెట్లే అవి. వారందరికిని అవి వంటచెరకుగా కనబడినవి.

పదేండ్లు ఆ ఊహ ఆయన మనస్సులోనే ఉండిపోయెను. ఒకనాడు పొగయోడలో యేల్ విద్యాలయపు ఆచార్యుడు డెనిసన్ ఓల్మ్‌స్టెడ్ తారసిల్లి, ఈ సంగతి విని, అచ్చువేయుమని పట్టుబట్టగా, 1831లో అది ఒక విజ్ఞానపత్రికలో వెలువడినది. జీనులు కుట్టిన ఆ రెడ్‌ఫీల్డే 1848లో అమెరికా విజ్ఞానాభివృద్ధి సంఘమునకు తొలి అధ్యక్షుడయ్యెను.

అచ్చయిన మాటకు ప్రతివాది లేకుండునా? జేమ్స్ ఎస్పీ అను పండితుడు, తుఫానులో గాలి చుట్టు తిరుగుటయన్నది భ్రమయనియు, అది అన్ని దిక్కులనుండియు తిన్నగా కేంద్రమునకు పరుగెత్తి, అక్కడ పైకి లేచి, అందలి నీటియావిరి తిరిగి నీరగునప్పుడు వెలువడు వేడిచేతనే తుఫాను బ్రదుకుననియు వాదించెను. ఈ ఇరువురి కలహము ఏండ్ల తరబడి సాగినది. నేటి జ్ఞానముతో తీర్పు చెప్పవలెనన్న ఇద్దరిదియు చెరిసగము విజయము: గాలి తిరుగుననుటలో రెడ్‌ఫీల్డు గెలిచెను, వేడియే దానికి ప్రాణమనుటలో ఎస్పీ గెలిచెను. గాలి తిరుగుచునే లోనికి ఒరసికొని పోవునని ఇరువురిలో ఒక్కరైనను కొంత తగ్గి అంగీకరించియుండినచో, ఎంత కాగితము మిగిలియుండెడిదో కదా!

రెడ్‌ఫీల్డు వ్యాసము ఆంగ్లేయ సైనిక ఇంజనీరు విలియం రీడ్ చేతబడినది. 1831 ఆగస్టులో బార్బడోస్ దీవిని హరికేన్ ధ్వంసము చేయగా, కట్టడములను మరల నిలబెట్టుటకు పంపబడిన అధికారి ఆయన. ఆయన 1838లో రచించిన గ్రంథము కలకత్తాలో నౌకావిచారణ న్యాయస్థానమునకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టన్‌ను కదలించినది. తుఫానులో చిక్కి బయటపడిన ఓడల దినచర్య పుస్తకములను తెప్పించి, ఏ ఘడియకు ఏ ఓడపై ఏ దిక్కునుండి గాలి వీచెనో పటముపై గుర్తించి, బంగాళాఖాతపు తుఫానుల మార్గములను ఆయన గీసెను. 1839 నవంబరులో మన గోదావరి ముఖమున కోరంగి రేవును ముంచివేసిన తుఫాను ఆయన పరిశీలించినవాటిలో నొకటి. ఓడలు నిర్మించి ఒకప్పుడు దేశదేశములకు పంపిన ఆ రేవు నేడు కాకినాడ దరినున్న ఒక పల్లె. చుట్టునున్న మడ అడవిని చూడ వచ్చువారివలననే దాని పేరు ఇంకను వినబడుచున్నది. బెంగాలులో మాత్లా నదిపై కానింగ్ రేవు కట్టుట క్షేమము కాదని, ఏనాడో యొకనాడు సముద్రము దానిని ముంచునని, 1853లో పిడింగ్టన్ గవర్నరు జనరలుకు విన్నవించెను. రేవు కట్టబడినది. 1867లో తుఫాను వచ్చినది, రేవు పోయినది. అప్పటికి విన్నవించినవాడు గతించి తొమ్మిదేండ్లు.

ఇక తుఫాను పుట్టుక. అట్లాంటిక్ హరికేన్లలో ఘోరమైనవి అధికభాగము సముద్రముపై బీజము పడినవి కావు. వాటి బీజము ఆఫ్రికా నేలపై పడుచున్నది. సహారా ఎడారి ఉత్తరమున నిప్పులు చెరుగుచుండును. దానికి దక్షిణమున గినియా తీరమందు వానలు, అడవులు, చల్లని తేమగాలి. మామూలుగా భూమధ్యరేఖనుండి దూరమైనకొలది చల్లదనము పెరుగవలసియుండగా, అక్కడ వేసవిలో ఉత్తరమునకు పోయినకొలది వేడిమి హెచ్చుచుండును. ఈ తారుమారు వలన ఆ రెండు సీమల సరిహద్దుపైని, మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తున, తూర్పునుండి పడమరకు ఒక బలమైన వాయుప్రవాహము ఏర్పడును. ఆ ప్రవాహము నిలుకడగా సాగలేక వంకరలుపోయి, మూడు నాలుగు దినములకొక అల చొప్పున విరిగి, కేప్ వర్డ్ దీవుల మీదుగా సముద్రములోనికి దిగును. ఒక్కొక్క ఋతువున ఇట్టి అలలు అరువది వరకు బయలుదేరును. అందు హరికేన్లుగా పరిణమించునవి చాల కొద్ది. తక్కినవి వాన కురిసి చెదరిపోవును. కొన్నింటిని సహారా ధూళితో వచ్చు పొడిగాలి గొంతు నులిమి చంపును. నేను రెండు అధ్యాయములు ఒక్కటేయని అనుటకు ఇది ఒక కారణము. శీతోష్ణస్థితుల పటములో ఎడారి రంగునకును అడవి రంగునకును నడుమ మనము గీచు గీత కేవలము చిత్రకారుని గీత కాదు. తుఫాను అక్కడనే తొలిగా కదలుచున్నది.

సముద్రముపైకి వచ్చిన అల తుఫానుగా ఎదుగుటకు కొన్ని వసతులు కూడిరావలెను. నీటి వేడిమి 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గరాదని ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ఎరిక్ పామేన్ 1948లో తేల్చెను. ఆ వేడి పైపొరకే పరిమితమైన చాలదు; యాభై అరువది మీటర్ల లోతువరకు ఉండవలెను, లేనిచో తుఫాను తన గాలితోనే అడుగు చల్లనీటిని పైకి కలచుకొని తన పొయ్యిని తానే ఆర్పుకొనును. క్రిందిగాలి యొక దిక్కునకు, పైగాలి మరియొక దిక్కునకు ఉరుకులు పెట్టుచుండరాదు. అట్లయిన పైకి లేచు మేఘస్తంభము నిట్టనిలువుగా నిలువక పక్కకు ఒరిగి విరిగిపోవును. భూమధ్యరేఖకు అయిదు డిగ్రీలైన ఎడముండవలెను. భూభ్రమణము వలన గాలికి కలుగు మెలి రేఖపై శూన్యము, దూరమైనకొలది అధికము.

ఇవి సమకూడిన తరువాత జరుగు పని యిది. గాలి వెచ్చని నీటిని రాచుకొనుచు ఆవిరిని మోసికొనిపోవును. ఒక గ్రాము నీటిని సున్న డిగ్రీలనుండి నూరు డిగ్రీలవరకు కాచుటకు నూరు కెలోరీలు చాలును. అదే గ్రాము నీటిని సముద్రపు వేడిమివద్ద ఆవిరిగా మార్చుటకో, సుమారు 580 కెలోరీలు కావలెను. ఆ వేడి ఎక్కడికిని పోదు, ఆవిరిలో దాగియుండును. పుస్తకభాషలో దీనినే గుప్తోష్ణము అందురు. పొడిగాలి పైకి లేచినపుడు కిలోమీటరుకు పదేసి డిగ్రీలు చల్లబడును; తేమగాలిలో ఆవిరి నీరగుచు దాచుకొన్న వేడిని విడుచుచుండుట వలన అది అయిదారు డిగ్రీలు మాత్రమే చల్లబడును. కావున అది చుట్టునున్న గాలికంటె వెచ్చనై, తేలికై, ఇంకను పైకే పోవును. క్రింద పీడనము తగ్గును. ఆ లోటు పూడ్చుటకు నలుదిక్కుల గాలి పరుగెత్తివచ్చుచు, ఉత్తరార్ధగోళమున కుడికి ఒరగుటచే, గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి కట్టును. గాలివేగము హెచ్చినకొలది సముద్రమునుండి ఎక్కువ ఆవిరి లేచును. ఆవిరి హెచ్చినకొలది గాలి వేగము పెరుగును. గంటకు 119 కిలోమీటర్లు దాటినంతనే దానికి హరికేన్ పట్టము కట్టుదురు.

కేంద్రమునకు సమీపించిన గాలి ఒక హద్దు దాటి లోనికి చొరలేదు. కవ్వముతో చల్ల చిలుకునప్పుడు నడుమ గుంటపడి అంచున చల్ల ఎగసినట్లు, సుడి నడుమ ఒక ఖాళీ ఏర్పడును. దానిచుట్టు పదునైదు కిలోమీటర్ల ఎత్తైన మేఘపుగోడ. తుఫాను రౌద్రమంతయు ఆ గోడలోనే. లోపల గాలి మెల్లగా క్రిందికి దిగుచు వెచ్చబడుటచే మబ్బు కరగి ఆకాశము కనబడును. అదే తుఫాను కన్ను. అడ్డముగా ముప్పది మొదలు అరువది కిలోమీటర్ల వరకు ఉండుట సామాన్యము.

ఆ కన్ను ఎట్టి మోసకారియో 1926 సెప్టెంబరు 18వ తేదీ ఉదయమున మయామి నగరము తెలిసికొన్నది. అప్పటికి ఆ నగరము భూముల బేరములతో ఉబ్బిపోయి, ఉత్తరరాష్ట్రములనుండి కొత్తగా వచ్చిన జనముతో నిండియున్నది. వారిలో అధికులు హరికేన్ అను మాట వినియే గాని దానిని కని యెరుగరు. రాత్రంతయు వీచిన గాలి సూర్యోదయ సమయమున ఒక్కసారిగా నిలిచిపోయినది. ఎండ పొడచూపినది. గండము గడిచినదని సంతోషించి, జనము వీధులలోనికి వచ్చి, కూలిన యిండ్లను చూచుటకు గుంపులు కట్టిరి. కొందరు బీచివైపు సాగిరి. వాతావరణ కార్యాలయాధికారి రిచర్డు గ్రే తన కార్యాలయమునుండి వీధిలోనికి పరుగెత్తివచ్చి, మనము తుఫాను నడుమ ఉన్నాము, లోనికి పొండని కేకలు పెట్టెను. విన్నవారు కొందరే. అరగంట దాటిన కొద్దిసేపటికే కన్ను కదలిపోయి, వెనుకటి గోడ వచ్చి మీదపడినది. అప్పటివరకు ఏ దిక్కునుండి వీచినదో దానికి ఎదురు దిక్కునుండి, మునుపటికంటె ఎక్కువ ఉధృతితో. మరణించినవారిలో పెక్కుమంది ఆ నిశ్శబ్దమును నమ్మి బయటకు వచ్చినవారే.

అయినను గాలి చంపినవారికంటె నీరు చంపినవారే సర్వత్ర అధికులు. తుఫాను గాలి సముద్రజలమును ముందుకు త్రోసికొనివచ్చి, లోతు తక్కువైన తీరమునకు చేరునప్పటికి అది వెనుకకు పోవు దారిలేక గోడవలె లేచును. దీనికి మన తీరవాసులు ఉప్పెన అని పెట్టుకొన్న పేరు చాలును. 1900 సెప్టెంబరు 8న టెక్సాస్ తీరపు గాల్వెస్టన్ నగరమును ముంచినది అదియే. ఒక ఇసుకదీవిపై కట్టిన ఆ నగరమున అన్నిటికంటె మెట్టప్రదేశము సముద్రమట్టమునకు మూడు మీటర్లైనను లేదు. వచ్చిన నీరు నాలుగున్నర మీటర్లు. ఆరువేలకు తక్కువ కాకుండ జనము మరణించిరి. తుఫాను పడమరగా పోవునని క్యూబాలోని పరిశీలకులు తలచియుండగా, వాషింగ్టన్ కార్యాలయమువారు అది ఉత్తరమునకు మళ్లునని నమ్మిరి.

ఉప్పెన తుఫానుకు రెండు వైపుల సమానముగా రాదు. ఉత్తరార్ధగోళమున తుఫాను నడచు దిశకు కుడిప్రక్కనున్న గాలి సముద్రమును నేలమీదికి తోయును. ఎడమప్రక్కది నేలనుండి సముద్రమునకు నెట్టును. 1977 నవంబరు 19న తుఫాను కేంద్రము బాపట్ల, చీరాల ప్రాంతమున తీరము దాటగా, ఉప్పెన మాత్రము కుడివైపుననున్న దివిసీమను నామరూపములు లేకుండ చేసినది. కేంద్రము ఎక్కడ దాటునని మాత్రమే అడిగి ఊరుకొనుట చాలదని అనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక తుఫానులు పుట్టని చోట్లను చూతము. అవియు పుట్టు చోట్లంత ఆసక్తికరములు. పెరూ దేశపు లిమా నగరము భూమధ్యరేఖకు పన్నెండు డిగ్రీల దక్షిణమున, మహాసముద్రపు ఒడ్డున ఉన్నది. అక్షాంశమును బట్టి అక్కడ తుఫానులు వచ్చి తీరవలెను. రావు. దక్షిణధ్రువమువైపునుండి వచ్చు హంబోల్టు చల్లని ప్రవాహము ఆ తీరపు నీటిని చల్లబరచుటచే తుఫానుకు కావలసిన ఆవిరి లేదు. ఆ చల్లదనముచేతనే పైగాలి ఎత్తునకు లేచి వానమేఘమగుటయు లేదు గనుక వానయు లేదు. చలికాలమంతయు సముద్రపు పొగమంచు కమ్మియుండియు లిమా ఎడారి నగరమే. ఒకే చన్నీటి ప్రవాహము తుఫానును దూరముచేసినది, నేలను ఎడారిచేసినది. ఏది వరము, ఏది శాపము? దక్షిణ అట్లాంటిక్‌లోను తుఫాను పుట్టుట అత్యంత అరుదు. 2004 మార్చిలో బ్రెజిల్ తీరమును తాకినదానిని చూచి అక్కడివారు నివ్వెరపోయిరి.

మన బంగాళాఖాతమున నీరు జూలై ఆగస్టులలోను వెచ్చనిదే. అయినను పెనుతుఫానులు మే నెలలోను, తిరిగి అక్టోబరు నవంబరులలోను వచ్చునే గాని నట్టనడి వానకాలమున రావు. నైరుతి ఋతుపవనము క్రింద పడమటినుండి వీచుచుండగా, పైన చాల ఎత్తున తూర్పునుండి మరియొక ప్రవాహము వేగముగా సాగుచుండును. ఆ రెండింటి నడుమ మేఘస్తంభము నిలువలేదు. ఆ నెలలలో వాయుగుండములు ఏర్పడును, వానలు కురియును, అంతతో సరి.

ఇప్పుడు నిలిచిన చెట్టు వద్దకు వత్తము. వ్లాదిమిర్ కొప్పెన్ 1846లో సెయింట్ పీటర్స్‌బర్గున, రష్యాలో స్థిరపడిన జర్మను కుటుంబమున జన్మించెను. బాల్యము క్రిమియాలో. చదువు సింఫెరోపోల్‌లో, ఇల్లు దక్షిణతీరమున. ఇంటికిని బడికిని నడుమ కొండలు. మైదానమున గడ్డిభూములు, కొండయెక్కినంతనే దట్టపు అడవి, కొండదిగి సముద్రమును చేరునప్పటికి మధ్యధరా సీమల మొక్కలు. ఒక పూట ప్రయాణములో మూడు లోకములు. నేల మారకుండ చెట్టు మారుచున్నదేల? కొలది సంవత్సరముల పిమ్మట ఆ కుఱ్ఱవాడు వృక్షముల పెరుగుదలకును వేడిమికిని గల సంబంధముపైననే పరిశోధన గ్రంథము వ్రాసి పట్టము పొందెను. 1875లో హాంబర్గునందలి జర్మను నౌకావాతావరణ పరిశోధనాలయమున చేరి, జీవితములో అధికభాగము అక్కడనే పనిచేసెను. ఖండములు కదలుచున్నవని చెప్పి లోకమును నవ్వించి, మరణించిన తరువాత లోకముచేత ఒప్పు అనిపించుకొన్న ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఈయన అల్లుడే.

భూమిపై నెలకొకమారు లెక్కించు వేడిమి, వర్షము అను రెండంకెలు తప్ప మరేమియు తీసికొనక, అచట ఏ చెట్టు పెరుగునో చెప్పవలెనని కొప్పెన్ సంకల్పము. ఆల్ఫోన్స్ ద కాండోల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1874లో మొక్కలను అయిదు తెగలుగా విడదీసియుండెను. ఆ అయిదింటికి సరిపడునట్లు కొప్పెన్ 1900లో అయిదు మండలములను కల్పించి, 1918లో మరల సవరించి, ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరములు తగిలించెను. అతిచల్లని నెలలో సైతము సగటు వేడిమి 18 డిగ్రీలకు తగ్గనిది ఏ. కొబ్బరి, తాడి వంటివి హాయిగా పెరుగునది. అతివేడి నెలలో సైతము 10 డిగ్రీలకు చేరనిది ఈ. అక్కడ చెట్టనునది మొలవదు. అనగా పటములో ఈ మండలపు సరిహద్దు అడవి ఆగిపోవు సరిహద్దే. నడుమ సీ, డీ అనునవి చలికాలపు కాఠిన్యమును బట్టి విడిపోవును: చల్లని నెల సగటు సున్నకు దిగువన 3 డిగ్రీలు దాటిన డీ, లేనిచో సీ. మాస్కో డీ, లండను సీ. ఈ నాలుగును వేడిమిని బట్టి ఏర్పడినవి. బీ ఒక్కటియే దాహమును బట్టి.

ఆ బీని గుర్తించుటలోనే కొప్పెన్ చాతుర్యము కనబడునని నా అభిప్రాయము. ఎంత వాన పడినది అని అడుగుట కాదు, పడిన వానలో మొక్కకు మిగిలినదెంత అని ఆయన ప్రశ్న. సాలుసరి సగటు వేడిమిని ఇరువదితో హెచ్చించి, వాన అధికముగా వేసవి అరసంవత్సరమున పడినచో 280, సంవత్సరము పొడవునను పడినచో 140 కలుపవలెను. చలికాలపు వానయైన ఏమియు కలుపనక్కరలేదు, ఏలయన చలిలో కురిసిన నీరు ఆవిరికాక నేలలో ఇంకును. వచ్చిన అంకెకంటె సాలుసరి వాన మిల్లీమీటర్లలో తక్కువైన అది పొడిసీమ. అందు సగమునకును తక్కువైన ఎడారి. మన అనంతపురమును తీసికొందము. వేడిమి సుమారు 28, వాన సుమారు 550 మిల్లీమీటర్లు. లెక్క 840 అడుగుచున్నది. వాన చాలలేదు, కాని సగము దాటినది. కావున ఎడారి కాదు, అర్ధశుష్క సీమ. లండనులో పడు వాన అనంతపురము వానకంటె అంత ఎక్కువేమియు కాదు, సుమారు 600. అక్కడి వేడిమి 11. లెక్క 360 మాత్రమే అడుగుచున్నది గనుక ఆ ఊరు నిత్యము తడిసియుండును. గొడుగులేక గడప దాటరాని నగరమునకును, మబ్బుకొఱకు కన్నులు కాయలుకాచు నగరమునకును నడుమ భేదము వానలో లేదు, ఎండలో ఉన్నది. హైదరాబాదో, సరిగా గీతమీదనే కూర్చున్నది. ఏ ముప్పదేండ్ల సగటు తీసికొంటిమన్నదానిని బట్టి ఒకమారు అటు, ఒకమారు ఇటు పడుచుండును.

మొదటి అక్షరము ప్రక్కన వాన ఏ ఋతువున పడునో చెప్పు అక్షరము, దాని ప్రక్కన వేసవి, చలికాలముల తీవ్రతను తెలుపునది మరియొకటి. వాటి జోలికి నేడు పోను. పటము చూచువారికి అవి తమంతట తామే వశమగును. ఈ పద్ధతిపై ఆక్షేపణలు లేకపోలేదు. నేలనుండియు ఆకులనుండియు ఎంత నీరు ఎగిరిపోగలదో దానినే కొలబద్దగా చేసి థార్న్‌త్వైట్ 1948లో మరియొక పద్ధతి కట్టెను. అది సూక్ష్మతరమైనదే, కాని లెక్క కష్టము. బడిపిల్లవాని చేతికి చిక్కినది కొప్పెన్ పద్ధతియే.

నా ఆక్షేపణ వేరు. కొప్పెన్ అంకెలన్నియు సగటులు. సగటులో తుఫాను కనబడదు. టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరమునకు ఏడాదికి సగటున సుమారు 1,250 మిల్లీమీటర్ల వాన. అన్ని నెలలలోను తగుపాటి వర్షము గల సమశీతోష్ణ సీమయని పటము చెప్పుచున్నది. 2017 ఆగస్టులో హార్వీ అను హరికేన్ వచ్చి కదలక కూర్చుండిపోగా, ఆ పరిసరములలో కొన్నిచోట్ల కొద్ది దినములలోనే 1,500 మిల్లీమీటర్లు మించి కురిసినది. ఏడాది వానను మించిన ఆ వాన ముప్పదేండ్ల సగటులో కలిసిపోయి, అచ్చటి అక్షరమును మార్చకయే అణగిపోవును. మరియొక వైపు చూచిన, మన రాయలసీమ చెరువులలోనికి వచ్చు నీటిలో అక్టోబరు నవంబరు వాయుగుండముల పాలు కొద్దిది కాదు. అక్కడి సగటులో కొంత తుఫానుల దానమే. తీరవాసి ఏ మబ్బును చూచి దడిసికొనునో, ఆ మబ్బు కొఱకే సీమరైతు ఆకాశమును కనిపెట్టుకొనియుండును.

పటము మరచినదానిని చెట్టు మరువలేదు. ప్యూర్టోరికో దీవిలో లుక్విల్లో కొండలపై వర్షారణ్యము కలదు. కొప్పెన్ లెక్కలో దానికిని, అమెజాన్ అడవులలో పెక్కింటికిని, కాంగో నడుమనున్న అడవికిని ఒకే గుర్తు. తీరా చూడబోయిన, అమెజాన్‌లో ముప్పది, నలువది మీటర్లు పెరిగిన వృక్షముల కప్పు లుక్విల్లోలో ఇరువది మీటర్ల దరిదాపులనే ఆగి, కత్తిరించినట్లు సమముగా కనబడును. తలయెత్తిన చెట్టును హరికేన్లు తరతరములుగా విరిచివేయుటయే ఇందుకు ముఖ్యకారణమని అక్కడ దీర్ఘకాలము పనిచేసిన పరిశోధకులు చెప్పుదురు. టబొనూకో అను జాతి చెట్లు శిఖరములపై గుంపుగా మొలచి, నేలలోపల ఒకదాని వేరును మరియొకదాని వేరుతో అంటుకట్టుకొని, రాళ్లను చుట్టిపట్టి నిలుచును. 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ఆ దీవిని ఈ కొసనుండి ఆ కొసకు దాటినపుడు ఆకొకటి మిగులక, ఉపగ్రహ చిత్రములలో ఆ పచ్చని దీవి గోధుమరంగుగా కనబడినది. కొన్ని నెలలకు మరల చిగిర్చినది. ఆ అడవికి ఇది కొత్త కాదు.

కొప్పెన్ తొంబదేండ్లు దాటినను తన పద్ధతిని సవరించుచునే యుండి, 1940లో ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరమున మరణించెను. ఆయనతో కలిసి పనిచేసిన రుడాల్ఫ్ గైగర్ ఆ పటమును నవీకరించుటచే నేడు దానిని ఇరువురి పేరిటను వ్యవహరింతురు. ఇటీవలి దశాబ్దములలో కంప్యూటర్ల సాయమున తిరిగి గీచిన పటములలో డీ మండలపు దక్షిణపుటంచు ఉత్తరమునకు జరుగుచున్నది, ఈ మండలము కుంచించుకొనుచున్నది, పొడిసీమలు కొన్నిచోట్ల వ్యాపించుచున్నవి. సముద్రము వేడెక్కినపుడు తుఫానుల సంగతియేమి అన్న ప్రశ్నకు, 26.5 డిగ్రీలు దాటిన నీరు ఎక్కువగును గనుక తుఫానులును ఎక్కువగునని తొందరపడి చెప్పరాదు. ఆ అంకె శిలాశాసనము కాదు. కావలసినది సముద్రపు వేడిమికిని పైయాకాశపు వేడిమికిని నడుమనున్న అంతరము, పైయాకాశమును వేడెక్కుచుండిన ఆ గడప కూడ పైకి జరుగును. తుఫానుల సంఖ్య పెరుగునా, తగ్గునా యన్న విషయమున శాస్త్రజ్ఞులు ఏకమాటపై లేరు. కాని వెచ్చని గాలి డిగ్రీకి సుమారు నూటికి ఏడుపాళ్లు ఎక్కువ ఆవిరిని మోయగలదు గనుక, పుట్టిన తుఫాను కురియు వాన హెచ్చుననియు, పుట్టినవానిలో మిక్కిలి తీవ్రములైనవాని పాలు పెరుగుననియు, సముద్రమట్టము లేచినకొలది అదే గాలికి ఉప్పెన ఇంకను లోనికి వచ్చుననియు వారిలో అధికులు అంగీకరించుచున్నారు.